ఇంటి ముందు రోడ్డు తవ్వి మళ్ళీ వేస్తున్నప్పుడు: చెన్నై పొలిమేర పల్లెల్లో సొంత ఇల్లున్నవారు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంటి అరుగు ఎక్కడానికి మా తాతగారి కాలంలో నాలుగు మెట్లుండేవి. నా చిన్నప్పటికి అవి మూడయ్యాయి. రెండేళ్ళ క్రితం రోడ్డు పని మొదలయ్యే నాటికి రెండు మిగిలాయి. మెట్లను ఎవరూ పగలగొట్టలేదు. రోడ్డే పొర మీద పొరగా పైకి వచ్చింది.

చెన్నైకి వాయవ్యంగా తిరువళ్ళూరు, ఊత్తుకోట, పళ్ళిపట్టు వైపు ఊళ్ళలో ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. నగరంలో ఉద్యోగ విరమణ చేసి వచ్చి ఇల్లు కట్టుకున్నవారు ఈ మధ్య వారికి తోడయ్యారు. ఎన్నూరు రేవు నుంచి మామల్లపురం వైపు సుమారు 133 కి.మీ. సాగే చెన్నై పెరిఫెరల్ రింగ్ రోడ్డు, తచ్చూరు నుంచి చిత్తూరుకు వెళ్ళే ఆరు వరుసల రహదారి, వాటికి కలిసే చిన్న రోడ్ల వెడల్పు పనులు ఈ ప్రాంతంలో వరుసగా వస్తున్నాయి. మా వీధిలో పని నడిచిన పద్నాలుగు నెలల్లో ఇరుగుపొరుగువారు పదే పదే అడిగిన ప్రశ్నలకు, మేము ఆఫీసుల చుట్టూ తిరిగి తెలుసుకున్న జవాబులను ఇక్కడ రాస్తున్నాము.

మా ఇంటి ముందున్న రోడ్డు ఎవరిదో ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది ఇదే, ఎందుకంటే తప్పు ఆఫీసుకు రాసిన అర్జీ అక్కడే పడి ఉంటుంది. కిలోమీటరు రాయి తల మీద పసుపు రంగు ఉంటే అది జాతీయ రహదారి, పచ్చ రంగు ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగు ఉంటే ప్రధానమంత్రి గ్రామ సడక్ పథకం కింద వేసిన రోడ్డు. తమిళనాడులో రాష్ట్ర రహదారులు, పెద్ద జిల్లా రోడ్లు, ఇతర జిల్లా రోడ్లు రహదారుల శాఖ చేతిలో ఉంటాయి. బోర్డుల మీద కనిపించే ‘నెడుంజాలై తురై’ అనే పేరు ఆ శాఖదే. పంచాయతీ యూనియన్ రోడ్లు, గ్రామ పంచాయతీ వీధులు గ్రామీణాభివృద్ధి శాఖ కిందికి వస్తాయి కనుక, వాటి విషయంలో బి.డి.ఓ. (బ్లాకు అభివృద్ధి అధికారి) ఆఫీసుకు వెళ్ళాలి. పని జరుగుతున్న చోట నాటిన సమాచార బోర్డును మొదటి రోజే ఫోటో తీసి పెట్టుకోండి. పని పేరు, పొడవు, అంచనా మొత్తం, కంట్రాక్టరు పేరు, ముగించవలసిన తేదీ వంటివి అందులో ఉంటాయి, కానీ వానలకూ టిప్పర్లకూ ఆ బోర్డు ఎక్కువ కాలం నిలవదు.

పని మొదలయ్యే ముందు ఇంటి యజమాని ఏమి చేసి పెట్టుకోవాలి?

ఇంటి ఈనాటి స్థితిని కాగితం మీదకు తెచ్చుకోవాలి. ప్రహరీ, గేటు, అరుగు, మెట్లు, ముందు గది గోడలు, సంపు మూత, సెప్టిక్ ట్యాంకు ఉన్న చోటు, బోరు, మీటరు బోర్డు, వీటన్నిటికీ తేదీతో ఫోటోలు తీయండి. గోడలో ఇప్పటికే పగుళ్ళు ఉంటే వాటి పక్కన ఒక స్కేలు ఆనించి ఫోటో తీయండి. పగులు ముగిసే చోట పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాయండి. రేపు రోలరు నడిచిన తరువాత పగులు ఆ గీత దాటిందా లేదా అన్నది ఎవరూ కాదనలేని సాక్ష్యమవుతుంది.

రెండవది మట్టం గుర్తు. దీనికి ఇంజినీరు అక్కరలేదు. తాపీ మేస్త్రీలు వాడే పదిహేను మీటర్ల పారదర్శకమైన గొట్టం తీసుకొని, గాలి బుడగలు లేకుండా నీళ్ళు నింపండి. ఒకరు గొట్టం ఒక కొసను గడప దగ్గర పట్టుకోవాలి, మరొకరు రెండవ కొసను రోడ్డు నడిమధ్యన నిలబెట్టిన కర్రకు ఆనించాలి. నీళ్ళు కదలడం మానిన తరువాత రెండు చోట్లా నీటి మట్టం నుంచి కిందికి, అంటే ఇక్కడ గడప దాకా, అక్కడ రోడ్డు దాకా, టేపుతో కొలవాలి. ఆ రెండు కొలతల తేడాయే మీ గడప రోడ్డు కంటే ఎంత ఎత్తున ఉన్నదో చెబుతుంది. మా ఇంట్లో ఆ తేడా 41 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని పోర్టికో స్తంభం మీద ఎర్ర రంగుతో రాసి ఉంచాను. సైటు ఇంజినీరు మొదటిసారి మా మాట శ్రద్ధగా విన్నది ఆ అంకెను చూసిన తరువాతనే.

కొత్త రోడ్డు వేస్తే మట్టం తప్పక పెరుగుతుందా? దాన్ని ఆపవచ్చా?

అది ఏ రకం పని అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. పాత తారు మీదనే కొత్త తారు పరిస్తే, దాని మందమంతా మీ గడపకు నష్టమే. పాత తారును యంత్రంతో చెక్కి తీసివేసి, అంతే మందంలో కొత్తది వేస్తే మట్టం దాదాపు మారదు. దీన్నే మిల్లింగ్ అంటారు. రోడ్డును పూర్తిగా తవ్వి కింది నుంచి కట్టే పనిలో గ్రావెల్ పొర, తడి కంకర పొర, రెండు తారు పొరలు కలిసి అర మీటరు దాకా, కొన్ని చోట్ల అంతకు మించి వస్తాయి. ఆ లోతు మేరకు ముందుగా తవ్వకపోతే రోడ్డు కట్టలా లేస్తుంది.

రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్ళలోకి నీళ్ళు వస్తున్నాయన్న కారణంతో, పాత పొరను చెక్కి తీసిన తరువాతనే కొత్త పొర వేయాలని తమిళనాడు అప్పటి ప్రధాన కార్యదర్శి వి. ఇరైయన్బు 2021లో శాఖలకు ఆదేశమిచ్చారు. అర్జీలో ఈ విషయాన్ని పేర్కొనడం మంచిది. అయితే చెరువు కింద, వరద మునక ఉన్న చోట రోడ్డును కావాలనే ఎత్తుగా రూపొందిస్తారు, అది తప్పు కాదు. అటువంటి చోట మీరు అడగవలసినది రోడ్డును దించమని కాదు, మీ ఇంటి నీళ్ళు ఏ దారిన పోవాలో చూపించమని.

ఇంజినీరును అడిగేటప్పుడు ‘రోడ్డు ఎత్తు ఎంత వస్తుంది?’ అని అడిగితే ‘కొంచెమే’ అన్న జవాబు వస్తుంది. మీ ఇంటి చైనేజీ ఎంతో తెలుసుకొని (4.350 అంటే రోడ్డు మొదటి నుంచి 4 కి.మీ. 350 మీ. అన్నమాట), ఆ చైనేజీ దగ్గర పూర్తయిన రోడ్డు మట్టం, అంటే ఎఫ్.ఆర్.ఎల్., ఎంత అని అడగండి. ఈ రెండు మాటలు తెలిసినవాడికి ‘కొంచెమే’ అని చెప్పి తప్పించుకోవడం కష్టం.

రోడ్డు ఎత్తు కంటే కాలువ ఎత్తు ముఖ్యమని అంటారు. నిజమేనా?

నిజమే, మేము దెబ్బ తిన్నది కూడా అక్కడే. రోడ్డు మట్టం గురించి తగవు పడుతూ, పక్కన కడుతున్న కాంక్రీటు కాలువను పట్టించుకోలేదు. ఒక సాయంత్రం సూపర్‌వైజరుతో ‘కాలువ గోడ మా పెరటి నేల కంటే పైకి వస్తున్నట్టుంది, చూడండి’ అని నోటిమాటగా చెప్పాను. ఆయన తల ఊపారు. వారం తరువాత చూస్తే కాంక్రీటు పోసి, పోతకు కట్టిన బల్లలు కూడా తీసేశారు. కాలువ అంచు మా నేల కంటే ఒక జానెడు ఎత్తున నిలిచింది. అప్పటిదాకా వాలుగా రోడ్డు పక్కకు పోయే వాననీరు ఇప్పుడు గేటు లోపలే నిలుస్తున్నది. తరువాత కాలువ గోడకు రంధ్రం వేయించడానికి, ముందు నేలను మట్టితో ఎత్తు చేయించడానికి మా ఖర్చే అయింది. నోటిమాటగా చెప్పకుండా ఆ రోజే రాసి ఇచ్చి ఉంటే, పోత పోయకముందే గోడలో పైపు ముక్క పెట్టించడం పది నిమిషాల పని.

మలుపులో ఉన్న ఇళ్ళకు వేరే జాగ్రత్త ఏమైనా ఉందా?

ఉంది. తిన్నగా సాగే రోడ్డును నడిమధ్యన ఉబ్బెత్తుగా, రెండు వైపులా 2 నుంచి 2.5 శాతం వాలుతో వేస్తారు. ఏడు మీటర్ల వెడల్పున్న రోడ్డులో నడుము అంచు కంటే సుమారు 7 నుంచి 9 సెం.మీ. ఎత్తున ఉంటుంది కనుక నీళ్ళు చెరి సగంగా రెండు పక్కలకూ పోతాయి. మలుపులో అలా కాదు. బండ్లు జారకుండా బయటి అంచును ఎత్తి రోడ్డు మొత్తాన్ని లోపలి వైపుకు వాల్చుతారు. అంటే మలుపు లోపలి పక్కన ఉన్న ఇళ్ళకు రోడ్డు పూర్తి వెడల్పు మీద పడిన వానంతా వస్తుంది. పాత రోడ్డుకు ఇంత వాలు లేకపోయి ఉండవచ్చు, అందుకే ‘ముప్పై ఏళ్ళుగా నీళ్ళు రాలేదు’ అన్న అనుభవం ఇక్కడ పనికిరాదు. మీ ఇల్లు లోపలి పక్కన ఉంటే, మీ వైపు కాలువ వెడల్పు ఎంతో ముందే తెలుసుకోండి.

ఎండిపోయిన పాత తూమును మూసేస్తామంటున్నారు. అభ్యంతరం చెప్పాలా?

తప్పక చెప్పాలి. తిరువళ్ళూరు జిల్లా చెరువుల జిల్లా. ఒక చెరువు అలుగు పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు చేరేలా పూర్వులు దారులు తీర్చారు, రోడ్డు కింది తూములు ఆ దారిలోని భాగాలే. పదేళ్ళు ఎండి, చెత్తతో పూడిన తూమును చూసి దండగ అనుకోవడం సులభం. చెన్నై వైపు ఏటా పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల ఈశాన్య రుతుపవనాలతోనే వస్తుంది. 2015 డిసెంబరు వానల్లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నాడూ ఏ తూము దేనికోసమో ఊళ్ళకు మళ్ళీ తెలిసింది. రోడ్డు కట్ట ఎత్తు పెరిగి తూము మూతపడితే, ఆ కట్ట ఊరికి ఆనకట్ట అవుతుంది, పై వైపు ఇళ్ళు చెరువులో కూర్చుంటాయి. ఇది ఒక్క ఇంటి అర్జీతో అయ్యే పని కాదు. గ్రామసభలో తీర్మానం చేయించండి. తమిళనాడులో జనవరి 26, మార్చి 22, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2, నవంబరు 1 తేదీల్లో గ్రామసభలు జరుగుతాయి. ఊళ్ళోని ముసలివారిని వెంట తీసుకువెళ్ళండి. నీళ్ళు ఏ సంవత్సరం ఎక్కడిదాకా వచ్చాయో వారికి గుర్తున్నంతగా ఏ నక్షాలోనూ ఉండదు.

సర్వేయరు వేసిన ఎర్ర గుర్తు మా ప్రహరీ లోపలికి వచ్చింది. ఏమి చేయాలి?

కంగారు పడకుండా, ఆ గుర్తు దేనిదో అడగండి. కొన్ని గుర్తులు మట్టం కోసం, కొన్ని కాలువ గీత కోసం, కొన్ని మాత్రమే స్థల సేకరణ హద్దులు. హద్దే అయితే మీ పట్టా, ఎఫ్.ఎం.బి. నక్షా (సర్వే నంబరు వారీగా కొలతలు చూపే పటం), ఎ-రిజిస్టరు (ఊరి భూముల ప్రధాన దస్తరం) నకలు తీసుకోండి. ఇవి రాష్ట్ర ప్రభుత్వ ఈ-సర్వీసెస్ వెబ్‌సైటులో దొరుకుతాయి. ఊరి నత్తం స్థలమైతే, అంటే ఊళ్ళో ఇళ్ళకు కేటాయించిన నేల అయితే, వి.ఏ.ఓ.ను (గ్రామ పరిపాలనాధికారిని), తాలూకా ఆఫీసును కలవాలి. తరువాత హద్దు కొలతకు రుసుము కట్టి ప్రభుత్వ సర్వేయరు చేత కొలిపించండి. అమ్మకపు పత్రంలో రాసిన చదరపు అడుగులకూ నక్షాలోని కొలతలకూ పొత్తు కుదరకపోవడం మన వైపు చాలా సాధారణం, అది సర్వే రోజున కాక ముందే తెలియడం మేలు.

పరిహారం ఎలా లెక్క కడతారు?

స్థలం పట్టా భూమి అయి, సేకరణ నిజంగా ఉంటేనే ఈ ప్రశ్న వస్తుంది. రాష్ట్ర శాఖ రోడ్లకు తమిళనాడు రహదారుల చట్టం, 2001 ప్రకారం భూమి తీసుకుంటారు. ఈ చట్టం కింది సేకరణలను 2019లో మద్రాసు హైకోర్టు తప్పుపట్టగా, రాష్ట్రం వాటిని మళ్ళీ చెల్లుబాటు చేస్తూ పునరుద్ధరణ చట్టం తెచ్చింది, 2021లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. జాతీయ రహదారులకు 1956 నాటి చట్టం వర్తిస్తుంది. అందులో భూమి తీసుకునే ఉద్దేశాన్ని ప్రకటించే 3ఎ నోటిఫికేషను వెలువడిన 21 రోజుల్లోపల అభ్యంతరం రాసి ఇవ్వాలి. నోటిఫికేషను పత్రికలో వస్తుంది, మీ ఇంటికి ఎవరూ తెచ్చి ఇవ్వకపోవచ్చు, కనుక వి.ఏ.ఓ. ఆఫీసు గోడ మీద కూడా ఒక కన్ను వేసి ఉంచండి.

చట్టం ఏదైనా, లెక్కకు ఆధారం 2013 నాటి భూసేకరణ చట్టం మొదటి షెడ్యూలే. మార్కెట్ విలువను గ్రామీణ ప్రాంతంలో ఒకటి నుంచి రెండు దాకా ఉండే గుణకంతో హెచ్చిస్తారు, దానికి ఇల్లు, ప్రహరీ, బావి, బోరు, చెట్ల విలువ కలుపుతారు, ఆ మొత్తం మీద నూటికి నూరు శాతం సాంత్వన సొమ్ము చేరుస్తారు. చాలామంది నేల ధర గురించి మాత్రమే పోరాడి, పాతికేళ్ళ కొబ్బరిచెట్లను, నేల కింద ఉన్న సంపును జాబితాలో రాయించడం మరచిపోతారు. అధికారులు లెక్కకు వచ్చిన రోజు ఇంట్లో ఉండి, జాబితా నకలు అడిగి తీసుకోండి. మొత్తం తక్కువ అనిపిస్తే, డబ్బు తీసుకునేటప్పుడు అభ్యంతరంతో స్వీకరిస్తున్నామని రాసి సంతకం చేయాలి. అలా రాయకుండా తీసుకున్నవారు తరువాత పెంపు కోరే హక్కును పోగొట్టుకోవచ్చునని 2013 చట్టమే చెబుతున్నది. ఈ దశలో భూసేకరణ కేసులు చూసే వకీలును ఒకసారి కలవడం ఖర్చు కాదు.

మా అరుగు, మెట్లు పోరంబోకులో ఉన్నాయని తేలితే?

నిజం చెప్పాలంటే, పల్లెల్లో సగం అరుగులు పోరంబోకులోనే ఉంటాయి. వాటికి స్థలం విలువ రాదు. అయినా 1905 నాటి భూ ఆక్రమణల చట్టం ప్రకారం తొలగించే ముందు నోటీసు ఇచ్చి, మీ మాట వినాలి. నోటీసు అందితే ఊరుకోకుండా గడువులోగా జవాబు రాయండి, మెట్లను మీ అంతట మీరు లోపలికి జరుపుకోవడానికి సమయం కోరండి. జె.సి.బి. కొట్టిన గోడను మళ్ళీ కట్టుకోవడం కంటే మేస్త్రీ చేత విప్పించుకున్న గోడను కట్టుకోవడం చౌక.

దుమ్ము, చప్పుడు భరించలేకున్నాము. వారికి నియమాలేమీ లేవా?

ఉన్నాయి. కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ నిర్దేశాల ప్రకారం నీళ్ళు చల్లి దుమ్ము అణచడం, పని జరిగే పొడవునా రాకపోకలకు దారి ఉంచడం కంట్రాక్టరు బాధ్యతలు. వాటికి వేరే బిల్లు అడగలేరు, అందుకే నీళ్ళ ట్యాంకరు రెండు పూటలకు బదులు ఒక పూటే వస్తుంది. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చప్పుడు చేసే నిర్మాణ యంత్రాలు నడపరాదు.

ఇంటి వైపు నుంచి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తమిళనాడులో 2003 నుంచి ప్రతి ఇంటికీ వాననీటి సేకరణ తప్పనిసరి కావడంతో మన మిద్దెల మీది నీరు పైపుల ద్వారా గుంటకో సంపుకో చేరుతుంది. దుమ్ము కాలంలో ఆ పైపును విప్పి బయటికి వదలండి. మేము ఆ మాట మరచిపోతే, మే నెలలో కురిసిన ఒక్క గాలివానకు మిద్దె మీది ఎర్రమట్టి అంతా సంపులోకి దిగి, నీళ్ళు టీ రంగులో వచ్చాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు మూత సందులకు గుడ్డ కట్టండి. కిటికీలకు తడి గోనె వేలాడదీయడం పాత పద్ధతే అయినా పనిచేస్తుంది. ఉబ్బసం ఉన్నవారిని కంకర పరిచే రోజుల్లో వీలైతే బంధువుల ఇంటికి పంపండి. ముగ్గు మాత్రం వేయడం మా ఆవిడ మానలేదు. టిప్పరు ఆరున్నరకు వస్తుందని తెలిసి, ఆరింటికే వేసేది.

రోలరు నడిచినప్పుడు ఇల్లు కదులుతున్నది. ప్రమాదమా?

వైబ్రేటింగ్ రోలరు ఎనిమిది, పది టన్నుల బరువుతో ఉంటుంది. అది కంపిస్తూ నడిచినప్పుడు కిటికీ రెక్కలు, అల్మారాలో గిన్నెలు మోగడం సహజం, దానంతట అది ప్రమాద సూచన కాదు. మట్టిగోడలు, సున్నపు గచ్చు, పునాది లేని ప్రహరీ ఉన్న ఇళ్ళ దగ్గర మాత్రం కంపనం ఆపి కేవలం బరువుతో ఎక్కువసార్లు నడపమని కోరవచ్చు. ఆ రోలరుకు అటువంటి మీట ఉంటుంది. పెన్సిలు గీత దాటి పగులు సాగితే, అదే రోజు ఫోటోతో రాతపూర్వకంగా ఇంజినీరుకు ఇవ్వండి. నెల తరువాత చెబితే పగులు పాతదంటారు.

తవ్విన తరువాత ఇంట్లోకి బండి పోదు. అంబులెన్సు రావలసివస్తే?

ఇంట్లో డయాలిసిస్‌కు వెళ్ళేవారో, నిండు గర్భిణియో ఉంటే ఆ సంగతి సూపర్‌వైజరుకూ ఇంజినీరుకూ ముందే తెలియజేయండి. ఇనుప రేకు వేసి దారి ఇవ్వడం వారికి కష్టం కాదు. పెళ్ళి, గృహప్రవేశం తేదీలు కూడా పదిహేను రోజుల ముందే చెప్పండి. మా వీధిలో ఒక పెళ్ళికి కంట్రాక్టరు మనుషులే రాత్రికి రాత్రి కంకర చదును చేసి ఇచ్చి, మరునాడు భోజనానికి కూర్చున్నారు.

నీళ్ళ పైపు, కరెంటు తీగ, కేబుల్ సంగతి ఏమిటి?

రోడ్డు కింద అడ్డంగా ఖాళీ పైపు ఒకటి వేయించుకోవడం ఈ మొత్తం వ్యవహారంలో మీరు పెట్టే అతి లాభదాయకమైన ఖర్చు. గోతులు తెరచి ఉన్నప్పుడు నాలుగంగుళాల పి.వి.సి. గొట్టాన్ని, బరువు పడే చోటైతే హ్యూమ్ పైపును (కాంక్రీటు గొట్టాన్ని), ఇంజినీరుకు చెప్పి వేయించి రెండు కొసలూ మూత పెట్టి ఉంచండి. రేపు నీళ్ళ లైను గానీ ఫైబర్ కేబుల్ గానీ అవతలి వైపు నుంచి తేవాలంటే, కొత్త రోడ్డు కోయడానికి అనుమతి, పునరుద్ధరణ రుసుము, తిరుగుడు అన్నీ తప్పుతాయి. కొసలు ఎక్కడున్నాయో ప్రహరీ మీద బాణం గుర్తు వేయండి, లేకపోతే మీరే వెతుక్కుంటారు.

రోడ్డు లేచిన కొద్దీ ఇంటికి వచ్చే సర్వీసు తీగ కిందికి వచ్చినట్టే లెక్క. టిప్పరు ఎత్తిన డబ్బా దానికి తగలవచ్చు. ఈబీ (విద్యుత్ బోర్డు) సెక్షన్ ఆఫీసులో చెప్పండి, అత్యవసరమైతే కరెంటు ఫిర్యాదుల కేంద్రం ‘మిన్నగం’ నంబరు 94987 94987కు ఫోను చేయండి. సెప్టిక్ ట్యాంకు గేటు బయట ఉంటే చుట్టూ రాళ్ళు పాతి రంగు వేయండి, టిప్పరు డ్రైవరుకు నేల కింద ఏముందో కనిపించదు.

గేటు ముందు ర్యాంపు మేమే కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు గాని కాలువను మూసే ర్యాంపు కట్టరాదు. ఎత్తి శుభ్రం చేయడానికి వీలైన పలకలు వేయండి. ఒక ఇంటి ర్యాంపు మట్టితో కాలువను మూస్తే పై నాలుగిళ్ళు మునుగుతాయి. ఆ తగవు రోడ్డు పని కంటే ఎక్కువ కాలం నడుస్తుంది.

పని ఎందుకు ఇన్ని నెలలు ఆగి ఆగి సాగుతుంది?

కొంత నిర్లక్ష్యం ఉంటుంది, కొంత ఉండదు. స్తంభాలు, నీళ్ళ పైపులు జరిపే శాఖలు వేరు, అవి కదిలేదాకా తవ్వకం కదలదు. తూముల కాంక్రీటు గట్టిపడాలి. కంకర పొర ఆరిన తరువాత ప్రైమరు అనే పలచని తారు పూత, అది ఇంకిన తరువాత తారు. తడి మీద తారు వేయరాదు కనుక అక్టోబరులో మొదలైన పని సంక్రాంతి దాకా నిలిచినా ఆశ్చర్యం లేదు. గాలి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తగ్గినా తారు వేయకూడదని నియమం ఉంది. మన వైపు ఆ చింత లేదు. తారు మిశ్రమం వేడిగా ఉండగానే పరచి రోలరు నడపాలి. ప్లాంటు నుంచి వచ్చిన లారీ గంటల తరబడి నిలిచి, మిశ్రమం పొగ కూడా రాకుండా చల్లబడితే, దాన్ని వేస్తుండగా వీడియో తీయండి.

తారు వేసే రోజు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

బండ్లను ముందు రోజు రాత్రే పక్క వీధికి చేర్చండి. పశువులను కట్టేయండి. పిల్లలను గేటు దాటనివ్వకండి. వేడి తారు ఒంటి మీద పడితే దాన్ని లాగి ఊడదీయరాదు. ఇరవై నిమిషాల పాటు చల్లని నీటి ధార కింద ఉంచి ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. కిరోసిన్ చర్మానికి వాడకండి.

తమిళం రాయడం రానివారు ఫిర్యాదు ఎలా చేయాలి?

అర్జీని ఇక్కడ ‘మను’ అంటారు. ప్రతి సోమవారం కలెక్టరు ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార దినాన దాన్ని ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. ఆఫీసు బయట కూర్చొని మను రాసిపెట్టేవారు ఉంటారు. ఊళ్ళో ఇంటరు చదివే పిల్లలు ఉంటే వారి చేత రాయించండి. వారి అక్షరాలే అందంగా ఉంటాయి. ముఖ్యమంత్రి సహాయవాణి 1100కు కూడా ఫోను చేయవచ్చు. గ్రామ సడక్ రోడ్లకు ‘మేరీ సడక్’ యాప్ ఉంది. ఒక మనులో ఒకే విషయం రాయండి. దుమ్ము, కాలువ, పరిహారం మూడూ కలిపి రాస్తే మూడు ఆఫీసులూ ఇది మాది కాదంటాయి.

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అంచనా పత్రం, మీ చైనేజీ దగ్గరి మట్టాలు, కాలువ నక్షా అడగండి. 2005 నాటి ఈ చట్టం పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరించి తీసుకోవడానికి కూడా హక్కు ఇచ్చిందని చాలామందికి తెలియదు. మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు కంకర నమూనా కోరుతూ దరఖాస్తు పెట్టారు. నమూనా చేతికి అందకముందే తరువాతి లోడు కంకర నాణ్యత మారింది.

రోడ్డు పక్క చింతచెట్టు మా తాత నాటినది. కొట్టకుండా ఆపగలమా?

నాటినది ఎవరైనా, రోడ్డు స్థలంలో ఉన్న చెట్టు ప్రభుత్వానిది. కొట్టే ముందు జిల్లా పచ్చదనపు కమిటీ అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఉందా అని అడగవచ్చు.

పని పూర్తయిందని చెప్పిన తరువాత మా బాధ్యత ఏమిటి?

మొదటి గట్టి వానకు గొడుగు వేసుకొని బయటికి రండి. నీళ్ళు నిలిచిన చోటును, కాలువ ఎదురు పారుతున్న చోటును వానలోనే వీడియో తీయండి. గ్రామ సడక్ పథకం రోడ్లకు ఐదేళ్ళ దాకా లోపాల సవరణ, నిర్వహణ కంట్రాక్టరుదే. ఇతర రోడ్లకు ఆ గడువు ఎంతో ఒప్పందంలో ఉంటుంది. మొదటి వర్షాకాలం లోపలే రాసి ఇచ్చిన లోపాలను సరిచేస్తారు, ఎందుకంటే కంట్రాక్టరు డిపాజిట్టు ఇంకా శాఖ దగ్గరే ఉంటుంది. నీళ్ళ గొట్టంతో మట్టం మళ్ళీ కొలవండి. మా స్తంభం మీద 41 కింద ఇప్పుడు 27 అని రాసి ఉంది. మెట్లు ఒకటిన్నర మిగిలాయి.

మిగిలిన కంకర కుప్ప మా గేటు పక్కనే ఉంది. మేము వాడుకోవచ్చా?

అది కంట్రాక్టరు సొత్తు, అడగకుండా తీయరాదు. మేము అడిగాము, వారం లోపల తీసుకుపోతామన్నారు. ఇప్పుడు దాని మీద ఉమ్మెత్త మొక్క మొలిచి పూసింది.